మైకమ్మ నోరు మూయించిన వారం

మైకమ్మకు ఉన్న పిచ్చి ఒక్కటే. ఎవరు కనబడితే వాళ్ల రాకపోకల్ని రైల్వేస్టేషన్లో బండ్ల రాకపోకల్లాగా లోకానికంతా చాటి చెప్పేది. మిగతా అన్ని విషయాల్లోనూ ఆవిడ మనలాంటి మనిషే. కూర మాడుస్తుంది, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంది, బస్సెక్కితే కిటికీ పక్క సీటు కోసం తగువు పడుతుంది. కానీ పొద్దున్నే మొదటి అంతస్తు వరండాలో కుర్చీ వేసుకుని, గొంతు సవరించుకుని, ముక్కుతో సన్నగా "టింగ్ టాంగ్" అందంటే ఇక ఆ భవనంలో ఎవరికీ గుట్టు మిగిలేది కాదు.

"దయచేసి వినండి. మూడో అంతస్తు నుండి బయలుదేరిన లెక్కల మాస్టారు మెట్ల మీదుగా గేటు వైపు వచ్చుచున్నారు. చేతిలో నల్ల గొడుగు. మొహంలో చిరాకు. మెట్ల కింద ఎవరో బకెట్టు వదిలేసినారు, గమనించగలరు."

లెక్కల మాస్టారు సిగ్గుపడుతూ గొడుగు చంకలో దాచుకునేవాడు. అది కూడా ప్రకటనలోకి ఎక్కేది.

అందరూ నవ్వుకునేవారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ సరిగ్గా ఆవిడ నెత్తిమీద, రెండో అంతస్తులో ఉండేవారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కిలో అంటే కిలో అని ఆయన ఏనాడూ నమ్మలేదు. ఎంత పెద్ద దుకాణంలోనైనా త్రాసు కింద చెయ్యి పెట్టి చూసేవారు. రిటైరయ్యాక చూడటానికి త్రాసులు లేకపోయాయి, దాంతో మనుషుల్ని తూచటం మొదలుపెట్టారు. అందరూ తక్కువే తూగేవారు. మాస్టారికి లెక్కలు తక్కువ, ఎదురింటావిడకు మర్యాద తక్కువ, కట్టుకున్న భార్య చేసే కాఫీలో చిక్కదనం తక్కువ. ఇంతమందిని తూచిన మనిషి తనని తాను ఒక్కసారైనా తూచుకున్న పాపాన పోలేదు.

మైకమ్మను మాత్రం ఆయన తూకానికి కూడా తీసుకోలేదు.

"ముప్ఫై ఏళ్లు స్టేషన్లో మైకు పట్టుకుని అరిచింది. చివరికి వాళ్లు రికార్డు చేసిన గొంతు ఒకటి పెట్టుకుని ఈవిణ్ణి ఇంటికి పంపారు. వాళ్లు తెలివైనవాళ్లు. మన ఖర్మ కొద్దీ ఆ గొంతు వచ్చి మన కింద పడింది," అనేవారు.

"వచ్చిన కొత్తలో నోరు మెదిపేది కాదండీ పాపం. తలుపేసుకుని కూచునేది. ఇప్పుడు హాయిగా నలుగుర్నీ నవ్విస్తోంది," అనేది భార్య.

"అదే చెప్తున్నా. అప్పుడు మనిషి. ఉన్నట్టుండి మైకు తలకెక్కింది."

"మీకు ఏదీ ఎక్కదు కదా, అదీ మీ బాధ," అని ఆవిడ నవ్వుకుంటూ వంటింట్లోకి పోయేది. ఆ నవ్వుకి బరువు లేదని ఆయన ఏనాడో తేల్చేశారు.

ఆ భవనం మొత్తానికి ఇన్‌స్పెక్టరు గారి తూకంలో నిలబడ్డ మనిషి ఒక్కడే ఉన్నాడు. కింది అంతస్తులో ఉండే గడియారాలాయన. జీవితమంతా కంటికి భూతద్దం తగిలించుకుని చేతి గడియారాలు బాగుచేసి, కొట్టు ఎత్తేసి, ఇప్పుడు పొద్దున్నే గేటు పక్క బెంచీ మీద కూచుంటాడు. వచ్చేపోయే వాళ్లందర్నీ తనే ముందు పలకరిస్తాడు.

"ఏం మాస్టారూ, గొడుగు పట్టుకుని బయల్దేరారంటే ఇవాళ వాన రాదన్నమాట!"

"ఎవరూ, పళ్ల డాక్టరమ్మా? నా దగ్గర మిగిలినవి నాలుగే, వాటి జోలికి రావద్దు తల్లీ!"

చిరాకు మొహంతో బయల్దేరిన మాస్టారు కూడా గేటు దాటేసరికి నవ్వు మొహంతో ఉండేవాడు. ఇన్‌స్పెక్టరు గారు భార్యకు చూపించి మరీ చెప్పేవారు. "చూశావా? కళ్లంటే అవీ కళ్లు! ఇంత వయసొచ్చినా ఎవరి చేతిలో ఏముందో ఇట్టే కనిపెడతాడు. నోరు పెట్టుకుని బతికే వాళ్లకీ కళ్లు పెట్టుకుని బతికే వాళ్లకీ అదీ తేడా."

అంతటి మనిషి మీద కూడా ఒకరోజు ఆయనకు అనుమానం వచ్చింది. ఆ వేళ ఇన్‌స్పెక్టరు గారు కొత్త చొక్కా తొడుక్కుని కూరల మార్కెట్టు నుంచి వస్తున్నారు.

"టింగ్ టాంగ్. దయచేసి వినండి. తూనికల ఇన్‌స్పెక్టరు గారు మార్కెట్టు నుండి చేరుకొనుచున్నారు. కొత్త నీలం చొక్కా. చేతిలో సంచి. సంచిలో నుండి సొరకాయ బయటకు తొంగి చూచుచున్నది."

"నీలం కాదు, బూడిదరంగు!" అని వీధిలోంచే కేక పెట్టారు ఆయన.

"ప్రకటనలో మార్పు లేదు. ప్రయాణికులు సహకరించగలరు."

పళ్లు నూరుకుంటూ గేటు తోశారో లేదో, బెంచీ మీది నుంచి గడియారాలాయన, "రండి రండి ఇన్‌స్పెక్టరు గారూ! నీలం చొక్కా మీకు బ్రహ్మాండంగా నప్పింది," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు గారికి ఒళ్లు మండిపోయింది. తన చొక్కా రంగు తనకు తెలియదా? ఇద్దరూ కూడబలుక్కుని తనను ఆట పట్టిస్తున్నారన్నమాట. ఆ రోజంతా కనబడిన ప్రతివాడికీ ఆయన ఆ చొక్కా కిటికీ వెలుగులో పట్టుకుని చూపించారు. అది బూడిదరంగే. ఎవరూ కాదనలేదు, ఎవరికీ పట్టలేదు కూడా.

ఇది ఎలాగో దిగమింగారు. దిగమింగలేనిది తర్వాత వచ్చింది. ఆయన పాత పై అధికారి, అప్పట్లో ఆ పేరు వింటే జిల్లాలో త్రాసులన్నీ వాటంతటవే సరిగా నిలబడేవని చెప్పుకునే మహానుభావుడు, భోజనానికి వస్తానన్నారు. ఇన్‌స్పెక్టరు గారు వారం ముందు నుంచే భవనమంతా చెప్పుకుని తిరిగారు. భార్య చేత మెట్లు కడిగించారు. అధికారి గారి కారు వచ్చి గేటు ముందు ఆగింది. ఇన్‌స్పెక్టరు గారు చేతులు జోడించుకుని మెట్లు దిగుతున్నారు. అప్పుడు పైనుంచి వినబడింది.

"టింగ్ టాంగ్. దయచేసి వినండి. తెల్ల కారులో ఒక పెద్దమనిషి గేటు వద్దకు వచ్చియున్నారు. పొట్ట ఇప్పటికే చేరుకున్నది. మిగిలిన మనిషి కొద్దిసేపట్లో చేరుకొనగలరు."

అధికారి గారు పైకి చూశారు, కిందికి తన పొట్టను చూసుకున్నారు, కారెక్కి వెళ్లిపోయారు. వండిన వంట రెండు రోజులు తిన్నారు మొగుడూ పెళ్లాలు. తింటున్నంతసేపూ భార్యకు నవ్వు ఆపుకోలేక పొలమారుతూనే ఉంది.

"ఇక ఈ భవనంలో ఆవిడ నోరైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

ఆదివారం సైకిళ్లు పెట్టుకునే చోట కుర్చీలు వేసి పంచాయితీ పెట్టారు. భవనం సంఘానికి అధ్యక్షురాలు పళ్ల డాక్టరమ్మ. ఇన్‌స్పెక్టరు గారు కారాలు మిరియాలు నూరుతూ తన కేసు చెప్పారు. పగలు కునుకు లేదు, ఇంటికొచ్చిన వాళ్లకు గౌరవం లేదు, చొక్కా రంగుకు కూడా దిక్కు లేదు. నిజం చెప్పాలంటే వీటిలో మొదటి రెండింటిలో న్యాయం ఉంది. అందుకే అందరూ మైకమ్మ వైపు చూశారు.

"ఎందుకమ్మా ఇదంతా? మానేస్తే ఏం పోతుంది?" అంది డాక్టరమ్మ.

మైకమ్మ ఒక్కసారి గడియారాలాయన వైపు చూసి తల తిప్పేసుకుంది. "అలవాటండీ. ముసలిదాన్ని, కాస్త పిచ్చి. అంతే."

గడియారాలాయన కుర్చీలోంచి లేవబోయాడు. "అమ్మా డాక్టరమ్మా, నేనో మాట..."

"టింగ్ టాంగ్!" అని అందుకుంది మైకమ్మ. "అన్నయ్యగారికి దగ్గు వచ్చే సూచనలు ఉన్నవి. కావున కూర్చొనగలరు."

అందరూ గొల్లుమన్నారు. ఆయన మాత్రం నవ్వకుండా కూచున్నాడు.

"చూశారా? పంచాయితీలో కూడా ఇదే వరస!" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, విజయం చేతికందిన సంబరంతో.

ఒక వారం పాటు ప్రకటనలు ఆపి చూడాలనీ, వచ్చే ఆదివారం శాశ్వతంగా నిర్ణయించాలనీ డాక్టరమ్మ తీర్పు చెప్పింది. మైకమ్మ చెంగున లేచి, "సేవలు నిలిపివేయబడినవి," అని పైకి వెళ్లి తలుపేసుకుంది.

మొదటి రోజు ఇన్‌స్పెక్టరు గారు కాళ్లు బార్లా చాపుకుని నిద్రపోయారు. రెండో రోజు కూడా. లేచాక కాఫీ కప్పు పట్టుకుని వరండాలో నిలబడి, తను నిలబెట్టిన నిశ్శబ్దాన్ని చూసుకుని మురిసిపోయారు. అలా నిలబడ్డప్పుడే కింద గేటు దగ్గర ఆయనకో వింత కనబడింది.

మాస్టారు తడిసిన వానకోటు గేటు మీద ఆరేసి పోయాడు. గడియారాలాయన దాని వైపు తిరిగి, "ఏం మాస్టారూ, ఇవాళ ఆలస్యమైనట్టుందే?" అన్నాడు. కోటు మాట్లాడలేదు. "కోపమా? సరే సరే, గొడుగు గురించి ఇంకెప్పుడూ ఎత్తనులెండి," అన్నాడు. మెట్లు దిగుతున్న ఎదురింటావిడ అది విని పడీ పడీ నవ్వింది. "ఈయనకి రోజురోజుకీ హాస్యం ముదురుతోంది," అంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గారి భార్య కూరల సంచితో లోపలికి వస్తుంటే, "డాక్టరమ్మా, ఇవాళ కూడా నా పళ్లు నాలుగే," అన్నాడు. ఆవిడా నవ్వింది.

ఇన్‌స్పెక్టరు గారికి నవ్వు రాలేదు. లోకంలో ఏ త్రాసైనా సరే, పళ్లెంలో ఉన్న బరువు చూపిస్తోందా, ఎవరో చెప్పిన బరువు చూపిస్తోందా అన్నది కనిపెట్టడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఆయన గబగబా లోపలికెళ్లి ఆ బూడిదరంగు చొక్కా తొడుక్కున్నారు. చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి బెంచీకి ఎదురుగా, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. గడియారాలాయన మొహంలో పలకరింపు లేదు. గేటు వైపు చెవి పెట్టి, ఎవరైనా వస్తారేమోనని చిరునవ్వు సిద్ధం చేసుకుని కూచున్నాడు. కాసేపటికి లేచి ఇంటి వైపు నడిచాడు. మెట్ల కింద ఎవరో మళ్లీ బకెట్టు వదిలేశారు. అక్కడ బకెట్టు ఉందని చెప్పేవాళ్లే లేరు. కాలు తగిలి ముందుకు తూలాడు. ఇన్‌స్పెక్టరు గారు పట్టుకోకపోతే మెట్ల మీద పడేవాడు.

"ఎవరండీ?" అన్నాడు గడియారాలాయన.

ఇన్‌స్పెక్టరు గారు ఆయన్ని లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూచోబెట్టి, మోకాలు తుడిచి, అప్పుడు అడిగారు.

"చూపు ఎన్నాళ్లుగా లేదండీ?"

"ఓ, మీరా! అదేం మాటండీ? మీ కొత్త చొక్కా రంగు చెప్పానుగా."

"అది బూడిదరంగు."

"చెల్లెమ్మ నీలం అందే!" అని గడియారాలాయన దొరికిపోయినవాడిలా కాక పేకాటలో మంచి ముక్క పడ్డవాడిలా పకపకా నవ్వాడు. "ఒక్క తప్పు చెప్పిందండీ ఇన్నాళ్లలో. అదీ మీ దగ్గరే చెప్పాలా!"

రెండేళ్లయిందన్నాడు. వెలుగూ చీకటీ తెలుస్తాయట. ఇక చేసేదేం లేదని కంటి డాక్టరు చెప్పేశాడట.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే జాలిపడతారండీ. జాలిపడ్డవాడు నాతో వేళాకోళం ఆడడు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాడు, దాటించి వెళ్లిపోతాడు. నాకు రోడ్డు దాటాలని లేదు. పొద్దున్నే నలుగుర్నీ నేనే ముందు పలకరించాలి, వాళ్లు ఓ నవ్వు నవ్వాలి. అంతే, ఇంకేం అక్కర్లేదు."

"ఆవిడకి మీరు చెప్పారా?"

"నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఒకరోజు గేటు మీద ఆరేసిన దుప్పటితో ఎండల గురించి మాట్లాడుతున్నాను. పైనుంచి చూసినట్టుంది. నవ్వలేదు. మర్నాడు పొద్దున్నుంచీ ఆ టింగ్ టాంగ్ మొదలుపెట్టింది." ఆయన మోకాలు నిమురుకున్నాడు. "నేను గుడ్డివాణ్ణి అనిపించుకోకుండా ఉండటానికి ఆవిడ పిచ్చిదనిపించుకుందండీ. పంచాయితీలో చెప్పేద్దామనే లేచాను. చెప్పనిచ్చిందా?"

ఇన్‌స్పెక్టరు గారికి తల కొట్టేసినట్టయింది. గొడుగూ, సంచీ, చొక్కా రంగూ, బకెట్టూ అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. జీవితంలో మొదటిసారి తన తూకం తప్పింది. అదీ కొద్దో గొప్పో కాదు.

పైకెళ్లి మైకమ్మ తలుపు కొట్టి లోపలికి వెళ్లారు. ఆవిడ బఠాణీలు వలుస్తోంది. ఈయన్ని చూసి లేవలేదు.

"పంచాయితీలో ఒక్క ముక్క చెప్తే సరిపోయేది కదమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

ఏ ముక్క అని ఆవిడ అడగలేదు. "చెప్తే నేను గెలిచేదాన్ని. ఆయన ఓడిపోయేవారు. మీకు తూచటం వచ్చుగా, ఏది బరువో చూసుకోండి."

"ఇంత ఉపకారం చేస్తూ తిట్లు తిన్నారు..."

"ఉపకారమా? ఎవరు ఎవరికండీ?" అని ఆవిడ బఠాణీ కాయ ఒకటి ఆయన మీదికి విసిరింది. "స్టేషన్లో అంతమందికి దారి చెప్పాను. ఒక్కరు తలెత్తి చూసిన పాపాన పోలేదు. మిషను పెట్టి నన్ను పంపించేశాక ఈ గదిలో కూచుని గోడలకి బండ్ల వేళలు చెప్పుకునేదాన్ని. అలాంటిదాని మాట నమ్ముకుని ఇప్పుడొకాయన అడుగు తీసి అడుగేస్తున్నారు. పొద్దున్న లేవగానే నాకు పనుంది. దానికి నేను ఆయనకి దణ్ణం పెట్టాలి."

ఇన్‌స్పెక్టరు గారు కింద పడ్డ బఠాణీలు ఏరి గిన్నెలో వేశారు. గడప దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "మరి మా అధికారి గారి పొట్ట? అది కూడా ఆయన కోసమేనా?"

"అది సరదాకండీ," అంది మైకమ్మ. "అయినా దారికి అడ్డంగా అంతది వస్తుంటే చెప్పకుండా ఎలా ఊరుకుంటాను?"

ఆదివారం మళ్లీ కుర్చీలు వేశారు. ఇన్‌స్పెక్టరు గారికి ముందు రాత్రంతా నిద్ర లేదు. నిజం చెబితే గడియారాలాయన బెంచీ పోతుంది. చెప్పకపోతే మైకమ్మ నోరు పోతుంది. మూడో దారి ఒకటే ఉంది, అందులో పోయేది తన పరువు. ఆ పరువును ఆయన ఇన్నేళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు లేచి నిలబడి.

"అదేమిటండీ? నిద్ర పట్టటం లేదన్నారుగా?" అంది డాక్టరమ్మ.

"ఇప్పుడూ పట్టటం లేదు. ఆ గోల లేకపోతే నాకు కునుకు రావటం లేదు."

లెక్కల మాస్టారు కిసుక్కుమన్నాడు. డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. "అంటే గోల ఉన్నా పట్టదు, లేకపోయినా పట్టదా?"

"పట్టదు. పైగా ఆవిడ ప్రకటనల్లో నాణ్యత చాలటం లేదు. రంగుల్లో తప్పులు దొర్లుతున్నాయి. రేపటినుంచి పై అంతస్తు నుంచి నేనే సరిచూస్తాను. తప్పుంటే అక్కడికక్కడే సవరణ కూడా ప్రకటిస్తాను."

ఇంకేముంది, సైకిళ్ల షెడ్డు పైకప్పు ఎగిరిపోయింది. మాస్టారు కళ్లు తుడుచుకున్నాడు. "ఆవిడ పిచ్చి ఈయనకి అంటుకుంది!" అంది ఎదురింటావిడ, వినబడేలాగానే. ఇన్‌స్పెక్టరు గారు మొహం గంటు పెట్టుకుని నిలబడే ఉన్నారు. నలుగురు తన మీద పడి నవ్వితే ప్రాణం పోతుందనుకున్నారు ఇన్నాళ్లూ. పోలేదు. పైగా కాస్త హాయిగా ఉంది, ఆ సంగతి మాత్రం ఆయన ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. నవ్వుల మధ్య గడియారాలాయన ఒక్కడు ఆయన గొంతు వచ్చిన వైపు తిరిగి, మెల్లగా రెండు చేతులూ జోడించాడు.

మెట్లెక్కుతుంటే భార్య అంది, "పెళ్లయిన ఇన్నేళ్లకి నలుగుర్ని నవ్వించారండీ!"

"నోరు మూసుకుని నడు. కాఫీ పెట్టు. చిక్కగా," అన్నారు ఆయన.

మర్నాడు పొద్దున్నే ఆయన బూడిదరంగు చొక్కా తొడుక్కుని, పనిగట్టుకుని గేటు బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి వచ్చారు.

"టింగ్ టాంగ్. దయచేసి వినండి. చాలా కాలంగా ఆలస్యముగా నడుచుచున్న తూనికల ఇన్‌స్పెక్టరు గారు ఎట్టకేలకు చేరుకున్నారు. చేతులు ఖాళీ. మొహంలో, నమ్మశక్యము కాని విధముగా, నవ్వు. నీలం చొక్కా."

"బూడిదరంగు!" అని అవసరానికి మించి గట్టిగా అరిచారు ఇన్‌స్పెక్టరు గారు, బెంచీకి ఎదురుగా నిలబడి. "బూ-డి-ద-రం-గు!"

గడియారాలాయన తలెత్తి ఆ చొక్కాను పైనుంచి కిందికి తీరిగ్గా పరిశీలించినట్టు తల ఆడించాడు.

"అబ్బే, బూడిదరంగు మీకు నప్పలేదండీ ఇన్‌స్పెక్టరు గారూ," అన్నాడు. "ఆ నీలమే బాగుండేది."